గెలిచిన నెత్తురు

"నేను కొట్టలేదు పాషా. కొట్టాలనుకుంటే మా ఆవిడ పోయిన రోజే కొట్టి ఉండేవాణ్ణి."

షహ్హాత్ ఈ మాట ఇప్పటికి చాలాసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ గొంతు సన్నబడుతోంది తప్ప మాట మారడం లేదు. అబద్ధం చెప్పేవాడు అడిగిన ప్రతిసారీ కథకి కాస్త మెరుగుపెడతాడని మేజర్ లుత్ఫీకి పోలీసు ఉద్యోగం నేర్పింది. ఈ మనిషి ఏ మెరుగూ పెట్టడం లేదు.

జరిగింది ఇది. మొన్న మధ్యాహ్నం, అసర్ నమాజు పిలుపుకి కాస్త ముందు, కఫ్ర్ సుబేహ్ ఊళ్ళో అందరికీ సూదిమందు వేసే సూదుల హనఫీ తన గదిలో తల పగిలి పడి ఉన్నాడు. బయట ఎవరో ఆడమనిషి కేక వేస్తే జనం పరుగెత్తుకొచ్చారు. కేక వేసిందెవరో ఎవరూ చూడలేదు. హనఫీ ఇప్పుడు మన్సూరా ఆసుపత్రిలో ఒంటి మీద తెలివి లేకుండా పడి ఉన్నాడు. అతని గదిలో నేల మీద పగిలిన గాజు సిరంజి, నెత్తుటి మరకల తువ్వాలు దొరికాయి. అంతకు కాసేపటి ముందే ఆ గదిలోంచి షహ్హాత్ బయటికి రావడం ఎదురింటి అరుగు మీదున్నవాళ్ళు చూశారు. అతని చూపుడు వేలికి గాటు ఉంది. పైగా పోయిన ఏడాది భార్యని కాలేయ జబ్బుతో పాతిపెట్టి వచ్చి, ఊరందరి ముందూ హనఫీని, అతని సూదుల వల్లే వచ్చిందని, నోరారా శపించాడు.

"వేలెక్కడ తెగింది?"

"బెర్సీమ్ గడ్డి కోస్తుంటే కొడవలి తగిలింది. గేదెకి ఎవరు వేస్తారు పాషా, నేను కాకపోతే?"

"హనఫీ దగ్గరికి ఎందుకెళ్ళావు?"

"సూదికి. ఒళ్ళంతా నొప్పులు. మాత్ర మింగితే ఉపవాసం పోతుంది కదా."

"నీ ఒంటికి అసలు ఉపవాసమే వద్దన్నారు డాక్టర్లు."

షహ్హాత్ తల దించుకున్నాడు. చేతులు పుల్లల్లా ఉన్నాయి, పొట్ట మాత్రం గలాబియా అంగీ కింద నిండుగా ఉబ్బి ఉంది. అదే జబ్బు అతని భార్యని తీసుకెళ్ళింది, ఇప్పుడు అతన్నీ తినేస్తోంది. "రంజాన్లో పట్టపగలు ఎలా తినమంటారు పాషా? పిల్లలు చూస్తారు," అన్నాడు.

ఈ మనిషిని మన్సూరా జైలుకి పంపితే అక్కడి చలికి, అక్కడి నీళ్ళకి నెల బతకడు. ఇఫ్తార్ కాగానే ప్రాసిక్యూషన్ వ్యాను వస్తుంది. దాన్ని ఖాళీగా తిప్పి పంపాలంటే ఈ సాయంత్రంలోగా లుత్ఫీ చేతిలో ఇంకో పేరు ఉండాలి.

"సూది వేయించుకుని లేచేసరికి గదిలో ఇంకెవరైనా ఉన్నారా?"

"ఆడవాళ్ళ వైపు పరదా అవతల ఎవరో ఉన్నట్టున్నారు. అటు తల తిప్పుతామా పాషా?" షహ్హాత్ తెగిన వేలు నిమురుకున్నాడు. "ఒక పిల్ల దగ్గు వినపడింది. పొడి దగ్గు."

తలుపు తట్టకుండా లోపలికొచ్చే అలవాటు ఈ స్టేషన్లో ఒక్కడికే ఉంది. కెప్టెన్ షాకిర్. జిల్లా కార్యాలయం నుంచి ఈ కేసు మీదే వచ్చాడు. వయసులో చిన్న, ఇస్త్రీలో పెద్ద. రోజంతా ఉపవాసం ఉన్నా అతని దగ్గర అత్తరు వాసన మాత్రం తగ్గదు.

"ఇంకా అడుగుతూనే ఉన్నారా లుత్ఫీ బే? శపించినవాడి దగ్గరికే వెళ్ళి చెయ్యి చాపి సూది వేయించుకున్నానంటాడు. మా చెల్లెలి పిల్లాడు కూడా నమ్మడు."

"మీది కైరో షాకిర్ బే. ఈ ఊళ్ళో హనఫీని శపించని ఇల్లు లేదు, హనఫీ సూది వేయని చెయ్యీ లేదు. తిడతాం, మళ్ళీ జ్వరమొస్తే ఆయన గుమ్మమే ఎక్కుతాం."

"మీరూనా?"

"నేను ఇక్కడే పుట్టాను," అన్నాడు లుత్ఫీ.

షాకిర్ నవ్వి చేతిలోని కాగితం ఊపాడు. "తువ్వాలు మీది నెత్తురులో కాలేయాన్ని తినే హెపటైటిస్ సీ ఉందని మొదటి పరీక్షలోనే తేలింది. ఇతని నెత్తుర్లోనూ సీ ఉంది. గ్రూపు కూడా ఒకటే. ఇంకా ఏం కావాలి?"

"ఊళ్ళో సగం మందికి అదే గ్రూపు. సగం మందికి అదే జబ్బు."

"మిగతా సగం మంది వేళ్ళు తెగలేదుగా."

అప్పుడే కానిస్టేబుల్ ఒక బుట్ట పట్టుకుని వచ్చాడు. లోపల గుడ్డ కప్పిన రెండు గిన్నెలు. "మీ అక్కగారు పంపారు సార్. ఇఫ్తార్‌కి. ఒకటి మీకు, ఒకటి లోపలున్న ఆయనకి అన్నారు. నిన్న కూడా అలాగే అన్నారు."

షాకిర్ కనుబొమలెత్తాడు. "మీ ఇంటి పెళ్ళికొడుకులా చూసుకుంటున్నారే నిందితుణ్ణి."

లుత్ఫీ బుట్ట అందుకుని బల్ల మీద పెట్టాడు. తఫీదా అక్క అంతే. ఎవరి పొయ్యి వెలగలేదని తెలిసినా ఆమెకి ముద్ద దిగదు. తల్లి పోయినప్పుడు లుత్ఫీకి ఏడేళ్ళు, ఆమెకి పది. అప్పటి నుంచి ఆ బుట్ట వస్తూనే ఉంది.

*

డాక్టర్ ఇజ్లాల్ స్వయంగా వచ్చింది. ఫోన్లో చెబితే కెప్టెన్ వినడని ఆమెకి ముందే అర్థమైంది. మన్సూరాలో కాలేయ జబ్బుల ప్రయోగశాల ఆమెది. జుట్టు నెరిసింది, మాట మాత్రం సూటి.

"తువ్వాలు మీద రెండు మరకలున్నాయి," అని మొదలుపెట్టింది. "ఒకటి హనఫీది. రెండోది ఇంకొకరిది. ఆ రెండో నెత్తుర్లో సీ వైరస్‌కి యాంటీబాడీలున్నాయి. వైరస్ మాత్రం లేదు."

"అదెలా?" అన్నాడు షాకిర్. "మొదటి పరీక్షలో ఉందన్నారుగా."

"మొదటి పరీక్ష వైరస్‌ని చూడదు కెప్టెన్. యాంటీబాడీని చూస్తుంది. దొంగ ఇంట్లోకి వచ్చాడని పోలీసులు రాసుకుంటారు చూడండి, అది యాంటీబాడీ. దొంగ ఇంకా లోపలే ఉన్నాడా, తరిమేశారా అన్నది ఇంకో పరీక్ష చెప్పాలి. నేను అది చేశాను. ఈ ఇంట్లో దొంగ లేడు."

"ఎవరు తరిమేశారు? ఏ మందు?"

"ఏ మందూ కాదు. ఒళ్ళే."

లుత్ఫీ ముందుకు వంగాడు. సీ వస్తే పోదనే అతను చిన్నప్పటి నుంచీ విన్నాడు. ఊరంతా అదే నమ్ముతుంది.

"నలుగురికి ఈ వైరస్ సోకితే సుమారు ఒకరి ఒళ్ళు దాన్ని ఆరు నెలల్లోపు తనంతట తానే తుడిచేస్తుంది," అంది డాక్టర్. "నెత్తుర్లోని తెల్లకణాలు వైరస్ దాక్కున్న కాలేయ కణాల్ని వెతికి పట్టుకుని, వాటితో సహా చంపుతాయి. గట్టిగా పోరాడిన ఒంట్లో కాలేయం కాస్త దెబ్బతింటుంది, అందుకే కళ్ళు పచ్చబడతాయి. చూసేవాళ్ళకి భయం. నాకు మాత్రం ఆశ. కళ్ళు పచ్చబడినవాళ్ళే ఎక్కువగా గెలుస్తారు. ఏ బాధా లేకుండా తిరిగేవాళ్ళలో వైరస్ వేషం మార్చుకుంటూ తప్పించుకుంటుంది. ముప్పై ఏళ్ళ తర్వాత ఒకరోజు పొట్ట ఉబ్బుతుంది."

ముగ్గురూ తెలియకుండానే షహ్హాత్ ఉన్న గది వైపు చూశారు.

"ఇతని నెత్తురు?" అన్నాడు లుత్ఫీ.

"నిండా వైరస్. ఆ మరక ఇతనిది కాదు."

షాకిర్ అంత తేలిగ్గా లొంగే రకం కాదు. "ఎండిన నెత్తురు డాక్టరుగారూ. వైరస్ చచ్చిపోయి ఉంటుంది. యాంటీబాడీ మిగిలి ఉంటుంది. కోర్టులో మొదటి ప్రశ్న అదే."

"మంచి ప్రశ్న," అంది డాక్టర్, నిజంగా మెచ్చుకుంటూ. "హనఫీకి కూడా సీ ఉంది. జీవితమంతా సూదులతోనే గడిపాడు, ఎన్నిసార్లు గుచ్చుకుందో. అదే తువ్వాలు, అదే రోజు, అదే ఎండ. హనఫీ మరకలో వైరస్ దొరికింది. పక్క మరకలో దొరకలేదు. ఒకదాన్ని చంపిన ఎండ ఇంకోదాన్ని వదిలేస్తుందా?"

షాకిర్ చేతిలోని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. లుత్ఫీకి ఆ దృశ్యం ఖర్జూరం తిన్నంత హాయిగా ఉంది.

"సిరంజి గాజు మీది నెత్తురు?" అని అడిగాడు.

"దాని జోలికి పోలేదు. ఆ సూది ఆ రోజు ఎవరెవర్ని గుచ్చిందో. అన్నీ కలిసిపోయి ఉంటాయి."

"అయితే నేను ఎవర్ని వెతకాలి?"

"బళ్ళో పిల్లలందరికీ ప్రభుత్వం సూదులు వేయించిన రోజుల్లో ఆ ఊళ్ళో పిల్లగా ఉన్న మనిషిని. సూదులయ్యాక నెల, రెండు నెలల్లో కళ్ళు పచ్చబడి, తర్వాత చక్కగా తిరుగుతున్న మనిషిని. ఆడమనిషి అయితే అవకాశం ఇంకా ఎక్కువ, ఈ విషయంలో మీకంటే మాకే బలం." ఆమె లేస్తూ లుత్ఫీ వైపు చూసింది. "మీరూ ఆ బడిలోనే చదివారటగా. ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నారా?"

"లేదు."

"ఎందుకు?"

"భయం," అన్నాడు లుత్ఫీ. షాకిర్ ఎదురుగా ఉన్నాడని తర్వాత గుర్తొచ్చింది.

డాక్టర్ వెళ్ళాక షాకిర్ గొంతు తగ్గించాడు, మెత్తబడలేదు. "సాయంత్రం పిలుపు దాకా ఆగుతాను లుత్ఫీ బే. అప్పటికి పేరు చెప్పలేకపోతే షహ్హాత్ వ్యానెక్కుతాడు. అతను చచ్చిపోయేలోపు హనఫీకి తెలివొస్తే, అప్పుడు మాట్లాడుకుందాం."

*

హనఫీ గదికి సీలు వేసి ఉంది. లుత్ఫీ సీలు తీసి లోపలికి వెళ్ళాడు. షాకిర్ వెంటే వచ్చాడు, కాళ్ళకి మట్టి అంటకుండా జాగ్రత్తగా.

గది మధ్యలో పరదా. వీధి వైపు మగవాళ్ళ బల్ల, పెరటి వైపు ఆడవాళ్ళ చాప. మధ్యలో ఇనప కాళ్ళ మంచం, దాని కోడు దగ్గర ఎండిన నెత్తురు. హనఫీ తల అక్కడే తగిలింది. షాకిర్ మనుషులు ఈ వైపే ఫోటోలు తీశారు.

"పెరటి తలుపు చూశారా?" అన్నాడు లుత్ఫీ.

"లోపల గడియ వేసి ఉంది. ఎవరూ వాడలేదు."

"ఇప్పుడు వేసి ఉంది. హనఫీని మోసుకెళ్ళాక ఎవరో బుద్ధిమంతుడు కోళ్ళు రాకుండా వేసి ఉంటాడు." లుత్ఫీ మోకాళ్ళ మీద కూర్చుని గడియ కింద చూశాడు. చెక్క మీద గోధుమరంగు మరక, బొటనవేలి వెడల్పు. ఎవరో నెత్తుటి చేత్తో తలుపు లాగి బయటికి వెళ్ళారు. "ఊళ్ళో మగవాడెవడూ ఈ తలుపు వాడడు షాకిర్ బే. చంపడానికొచ్చినా వీధి గుమ్మంలోంచే వస్తాడు. ఇది ఆడవాళ్ళ దారి."

షాకిర్ మొదటిసారి కళ్ళద్దాలు తీశాడు. "అంటే కొట్టింది ఆడది."

"కొట్టిందో లేదో తెలియదు. ఇక్కడ ఉంది. చెయ్యి తెగింది. బహుశా కేక వేసింది కూడా ఆమే."

కిటికీ గట్టు మీద సిరంజిలు మరిగించే స్టీలు పెట్టె ఉంది. చిన్నప్పుడు బళ్ళో చూసిన పెట్టే, అదే సొట్టతో. కాలవ నీళ్ళలోంచి ఒంట్లోకి దూరే బిల్హార్జియా పురుగుని చంపడానికి ప్రభుత్వం పంపిన సూదులు అవి. పిల్లలంతా చొక్కా చేతులు మడిచి వరసలో నిలబడేవాళ్ళు. హనఫీ అప్పుడు కుర్రాడు, నవ్వుతూ గుచ్చేవాడు. పురుగు చచ్చింది. దాని బదులు ఇంకోటి ఒంట్లోకి దూరిందని ఊరికి తెలియడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. పాపం హనఫీకీ తెలియదు. మరిగిస్తే చాలనుకున్నాడు. వరస పొడుగ్గా ఉన్న రోజున అదీ చేసేవాడు కాదు.

లుత్ఫీ పెట్టె మూత తీశాడు. అడుగున దుమ్ము. పక్కన స్పిరిట్ దీపం వత్తి ఎండి గట్టిపడింది. ఎర్ర స్పిరిట్ సీసా తలకిందులు చేస్తే చుక్క రాలలేదు.

"మొన్న ఈ దీపం వెలగలేదు," అన్నాడు.

"అయితే?"

"ఏమో. ఇంకా తెలియదు." అతను సీసాని మళ్ళీ గట్టు మీద పెట్టాడు. రంజాన్ నెల, మాత్ర మింగని జనమంతా సూదికొచ్చే నెల. షహ్హాత్ సూది వేయించుకుని లేచాడు. పరదా అవతల ఒక పిల్ల దగ్గింది.

*

ఊళ్ళో అందరికంటే పెద్దది ఉమ్ రిజ్క్. లుత్ఫీ తల్లికి వేలు విడిచిన చెల్లెలు. గుమ్మంలో ఎండకి కూర్చుని బఠానీలు ఒలుస్తోంది. షాకిర్ జీపులోనే ఉండిపోయాడు. పోలీసు టోపీ చూస్తే ముసలావిడ నోరు మూసుకుంటుందని లుత్ఫీయే ఆపాడు.

"పిన్నీ, ఒక మాట. సూదుల రోజుల్లో, సూదులయ్యాక కామెర్లు వచ్చిన పిల్లలెవరైనా గుర్తున్నారా?"

"దానికోసం ఇంత దూరం వచ్చావా? పండక్కి చక్కెర తెచ్చావేమో అనుకున్నా."

"తెస్తాను. ముందు చెప్పు."

"ఇద్దరికి వచ్చాయి ఆ చలికాలం. మిల్లు వాళ్ళ అబ్బాయి ఒకడు. వాడు తర్వాత అక్టోబర్ యుద్ధంలో సూయజ్ దగ్గర పోయాడు, దేవుడు వాణ్ణి చల్లగా చూడాలి."

"ఇంకొకరు?"

ఉమ్ రిజ్క్ బఠానీలు ఒలవడం ఆపి అతని ముఖంలోకి చూసింది. తర్వాత పళ్ళు లేని నోటితో పకపకా నవ్వింది. "నన్నడుగుతావేరా పిచ్చి సన్నాసీ! మీ ఇంట్లో తేనె జాడీ అంతా ఎవరికి పెట్టారు? నాకూ కావాలని గుమ్మంలో పడి దొర్లి దొర్లి ఏడ్చిందెవరు?"

లుత్ఫీ బఠానీ కాయ ఒకటి తీసుకుని ఒలవబోయి ఆగిపోయాడు.

తేనె. కామెర్లొచ్చిన పిల్లకి తీపి తప్ప ఇంకేం పెట్టకూడదని నానమ్మ తేనె జాడీ దించింది. నిమ్మపండు రంగు కళ్ళతో తఫీదా అక్క మంచం మీద పడుకుని ఉంది. తనకి కోపం, ఏడుపు. రాత్రి అందరూ నిద్రపోయాక అక్క తన వేలు తేనెలో ముంచి అతని నోట్లో పెట్టింది. ఎవరికీ చెప్పకు, అంది.

ముప్పై ఐదేళ్ళుగా అతను ఎవరికీ చెప్పలేదు. చివరికి తనూ మర్చిపోయాడు.

"ఏమైందిరా? అలా అయిపోయావేం?"

"ఏం లేదు పిన్నీ. ఉపవాసం."

జీపు దగ్గరికి వచ్చాక షాకిర్ అడిగాడు. "పేరు దొరికిందా?"

"దొరికింది. మీరు స్టేషన్‌కి వెళ్ళండి. పిలుపు లోపల ఫోన్ చేస్తాను."

"ఎవరు?"

"మాట ఇచ్చాను కదా షాకిర్ బే. ఫోన్ చేస్తాను."

షాకిర్ లుత్ఫీ ముఖం చూసి, జీపు తాళం తిప్పాడు.

*

తఫీదా ఇల్లంతా నెయ్యి వాసన. పండగ కహ్క్ బిస్కెట్ల కోసం ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా హాల్లో చాపల మీద కూర్చుని పిండి పిసుకుతున్నారు, నవ్వుకుంటున్నారు. కోడలు వఫా ఉండలు చేసి, చిన్న పట్టకారుతో వాటి మీద గీతలు దిద్దుతోంది. తఫీదా గోడకి ఆనుకుని దూరంగా కూర్చుని ఉంది.

ఈ ఇంట్లో కహ్క్ పిండి మీద తఫీదా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడటం లుత్ఫీ ఎన్నడూ చూడలేదు. పోయిన ఏడు వఫా పిండిని ముట్టుకుందని మూడు రోజులు మూతి ముడుచుకుంది. ఇప్పుడు ఆమె కుడి అరచేతికి గుడ్డ చుట్టి ఉంది, అంచుల్లోంచి గోరింటాకు ముద్ద కనిపిస్తోంది. గోరింటాకు రెండు చేతులకీ పెట్టుకుంటారు. ఆమెకి ఒక్క చేతికే ఉంది.

"రా తమ్ముడూ," అంది తఫీదా. "బుట్ట అందిందా? ఆ షహ్హాత్ తిన్నాడా నిన్న?"

వఫా చేతిలోంచి పట్టకారు జారి పళ్ళెంలో పడింది.

"తిన్నాడక్కా." లుత్ఫీ మిగతావాళ్ళ వైపు తిరిగాడు. "తల్లుల్లారా, కాస్త మా అక్కతో మాట్లాడనివ్వండి."

ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని, పిండి చేతులతోనే పెరట్లోకి వెళ్ళారు. పక్క గదిలోంచి ఒక పిల్ల దగ్గు వినపడింది. పొడి దగ్గు. తఫీదా మనవరాలు నెస్మా, ఐదేళ్ళది.

లుత్ఫీ అక్క ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. గుడ్డ కట్టిన చేతిని తన ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆమె లాక్కోలేదు.

"నీకు కామెర్లు వచ్చిన చలికాలం గుర్తుందా అక్కా?"

"ఎందుకు గుర్తుండదు? నీకు తేనె పెట్టానని నానమ్మ ఎలాగో కనిపెట్టి నా చెవి మెలేసింది."

"కళ్ళు పచ్చబడినప్పుడే నీ ఒళ్ళు ఆ జబ్బుని తరిమేసిందట. డాక్టరమ్మ చెప్పింది. నీ నెత్తుర్లో ఆనవాలుంది, జబ్బు లేదు. తువ్వాలు మీదున్నది నీ నెత్తురే."

తఫీదా కళ్ళు నిండాయి, కారలేదు. "నన్ను పట్టించడానికే గెలిచిందన్నమాట నా ఒళ్ళు," అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. "నేను కొట్టలేదురా. దేవుడి మీద ఆన."

"నాకు తెలుసు. ఏం జరిగిందో చెప్పు."

"పండక్కి కొత్త గౌను వేసుకుని పిల్ల దగ్గుతూ ఉంటే బాగోదని వఫా దాన్ని హనఫీ దగ్గర కూర్చోబెట్టి చక్కెరకని కొట్టుకి పోయింది. నేను పొలం నుంచి వచ్చి, సంగతి తెలిసి, పరుగెత్తాను. పెరటి తలుపు తీసేసరికి షహ్హాత్ అంగీ చెయ్యి దించుకుంటూ వీధిలోకి వెళ్తున్నాడు. హనఫీ ఆ సూదినే దూదితో ఇలా తుడిచి, మందు పీల్చాడు. ఆగు అన్నాను. అన్నానురా. అప్పటికే గుచ్చేశాడు."

లుత్ఫీ వేళ్ళు ఆమె చేతి మీద బిగుసుకున్నాయి.

"మరిగించలేదేం అంటే, స్పిరిట్ అయిపోయింది, మందుల కొట్టువాడు నిద్రపోతున్నాడు అన్నాడు. అదేదో ఉప్పు అయిపోయినట్టు. నాకు ఒళ్ళు తెలియలేదు. బళ్ళో మా వరసలో నిలబడ్డ పిల్లలందరూ కనపడ్డారు. ఎంతమందిని మోసుకెళ్ళి పడుకోబెట్టాం! సిరంజి లాక్కుని చేత్తోనే నలిపేశాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు, నేను విదిలించాను. ముసలాడు కదా, వెనక్కి పడ్డాడు. తువ్వాలు తల కింద పెట్టాను. పిల్లని ఎత్తుకుని బయటికొచ్చి కేక వేశాను."

"రెండు రోజుల నుంచి ఎందుకు చెప్పలేదక్కా? ఒక మనిషి లోపల ఉన్నాడు."

"రోజూ ఆ ముద్ద పంపుతూ ఏడుస్తున్నానురా." ఇప్పుడు కన్నీళ్ళు కారాయి. "చెబితే ఎందుకు కొట్లాడావంటారు. నెస్మాకి షహ్హాత్ సూది పడిందని ఊరంతా తెలుస్తుంది. దాని గ్లాసు వేరు పెడతారు. బళ్ళో పక్కన కూర్చోరు. ఈ ఒక్క పండగా దాన్ని అందరితో ఆడుకోనిద్దామనుకున్నా. పండగ మర్నాడు నేనే వచ్చి నీ బల్ల ముందు నిలబడదామనుకున్నా. తప్పే. ఆ మనిషి ఉన్న స్థితి నాకు తెలుసు, తప్పే."

లుత్ఫీకి ఆమెని తిట్టాలనిపించింది, కావలించుకోవాలనిపించింది. రెండూ చేయలేదు. గుడ్డ విప్పి అరచెయ్యి చూశాడు. గోరింటాకు కింద గాటు లోతుగా ఉంది. షహ్హాత్ నెత్తురు అంటిన గాజు అది. ఒకసారి గెలిచినవాళ్ళకి మళ్ళీ సోకదని డాక్టర్ అనలేదు. అతను ఆ మాట పైకి అనలేదు, గుడ్డ మళ్ళీ జాగ్రత్తగా కట్టాడు.

గోడ పక్క ఫోన్ దగ్గరికి వెళ్ళి నంబరు తిప్పాడు.

"షాకిర్ బే, షహ్హాత్‌ని ఇంటికి పంపండి. నా గిన్నె కూడా అతనికే ఇవ్వండి."

"ఎవరి పేరు రాయమంటారు?"

"తఫీదా. కఫ్ర్ సుబేహ్. నా అక్క. తోపులాటలో పడ్డాడు, కొట్టలేదు. వాంగ్మూలం మీరే తీసుకోండి, నేను ఈ కేసులోంచి తప్పుకుంటున్నాను."

అవతలి నుంచి షాకిర్ గొంతు వినపడింది, అత్తరు లేని గొంతు. "ఆమెని ఇఫ్తార్ చేయనివ్వండి. తొందరేం లేదు. నేను వ్యాను పంపను, నేనే కారు తెస్తాను."

"వచ్చేటప్పుడు ఇంకో పని చేసిపెట్టండి. రేపు పొద్దున్నే వస్తున్నామని డాక్టర్ ఇజ్లాల్‌కి చెప్పండి. మా అక్క, ఒక పిల్ల, నేను. ముగ్గురి నెత్తురూ తీయాలి."

ఫోన్ పెట్టేసరికి నెస్మా గుమ్మంలో నిలబడి ఉంది. ఒక చేత్తో ఇంకా తొడగని కొత్త గౌను, ఇంకో చేతి పై భాగంలో చిన్న ఎర్రటి చుక్క.

"తాతా, బామ్మ ఎందుకు ఏడుస్తోంది?"

"ఉల్లిపాయలు," అన్నాడు లుత్ఫీ. పిల్లని దగ్గరికి తీసుకుని కిటికీ వైపు తిప్పాడు. గడ్డం కింద వేలు పెట్టి ముఖం వెలుతురులోకి ఎత్తాడు. ఆ కళ్ళలోకి చూశాడు. పాలలా తెల్లగా ఉన్నాయి. ఇంకా నెల, రెండు నెలలు ఆగాలని అతనికి తెలుసు. అసలు సోకనే లేదేమో కూడా. సోకితే మాత్రం ఏ లక్షణమూ లేకుండా లోపల దాక్కోకూడదు.

"అక్కా," అన్నాడు, "తేనె జాడీ ఇంకా ఉందా?"

తఫీదా కొంగుతో ముఖం తుడుచుకుని తలూపింది. తమ్ముడు ఎందుకడుగుతున్నాడో ఆమెకి అర్థమైంది. బయట మసీదులో సాయంత్రపు పిలుపు మొదలైంది. ఆ ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు ఖర్జూరం ముట్టుకోకుండా, ఆ పిల్ల కళ్ళ వైపే చూస్తూ, సోకి ఉంటే అవి పచ్చబడాలని దేవుణ్ణి వేడుకున్నారు.